పప్పు తెలుసా, కుక్కర్ తెలుసా?

కందిపప్పు ఉడికిందని ఎలా తెలుస్తుందని అడిగితే ఈ రోజుల్లో చాలామంది చెప్పే జవాబు, మూడు విజిల్స్ రావాలని. జవాబు తప్పు కాదు, దానితో రోజూ ఇంట్లో పని జరిగిపోతూనే ఉంటుంది. కానీ అది పప్పు గురించి తెలిసిన సంగతి కాదు, ఆ ఇంటి కుక్కర్ గురించి తెలిసిన సంగతి. అదే మనిషికి కట్టెల పొయ్యి, మామూలు గిన్నె ఇస్తే విజిల్ ఎప్పటికీ రాదు. బద్దను వేళ్ల మధ్య నలిపి చూడటం వచ్చినవాళ్లే అక్కడ వంట చేయగలరు. ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్ల బుర్రలో కూడా ఇలాంటి విజిల్స్ చాలా ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకే కంపైలర్‌తో పని చేస్తే ఏది భాష ఇచ్చిన మాటో, ఏది ఆ కంపైలర్ అలవాటో విడదీసి చూసే సందర్భమే రాదు. అందుకే ఈ అధ్యాయం ఒక పని సూచిస్తుంది. మీరు వాడే భాషకు రెండో కంపైలర్ ఒకటి, అందులోనూ చిన్నది, పక్కన పెట్టుకోండి. అది మీ అసలు పనిముట్టును తీసి పక్కన పడేయడానికి కాదు, మీకు తెలిసినదాంట్లో ఎంత భాషది, ఎంత పనిముట్టుది అని తేల్చుకోవడానికి.

ఈ తేడా ఎంత తేలిగ్గా కళ్లు కప్పుతుందో పైథాన్‌లో చూడండి. పైథాన్ డిక్షనరీలో వస్తువులు మనం వేసిన వరుసలోనే ఉంటాయని ఇప్పుడు అందరికీ తెలుసు. 2016లో వచ్చిన 3.6 వెర్షన్‌లో అది కేవలం సీపైథాన్ అనే ఒక అమలు లోపలి ఏర్పాటు, దాని మీద ఆధారపడవద్దని అప్పుడు చెప్పారు. 2018లో వచ్చిన 3.7తో అది భాష ఇచ్చే హామీ అయింది. ఆ మధ్యకాలంలో ఆ వరుసను నమ్ముకుని రాసిన ప్రోగ్రాములన్నీ పని చేశాయి, కానీ భాష హామీతో కాదు, సీపైథాన్ దయతో. మైక్రోకంట్రోలర్ల కోసం తయారైన మైక్రోపైథాన్‌లో మామూలు డిక్షనరీ ఆ వరుసను పాటించదు కాబట్టి, అదే ప్రోగ్రాం అక్కడ వేరే ఫలితం ఇవ్వవచ్చు. ఇంకో ఉదాహరణ ఫైళ్లది. తెరిచిన ఫైలును మూయడం మర్చిపోయినా సీపైథాన్‌లో చాలాసార్లు గడిచిపోతుంది, ఎందుకంటే ఆ ఫైలును ఎవరూ వాడటం లేదని లెక్క తేలగానే దాన్ని అదే మూసేస్తుంది. పైపై అనే మరో అమలులో చెత్త ఏరివేత పద్ధతి వేరు కాబట్టి ఫైలు ఎప్పుడు మూసుకుంటుందో చెప్పలేం. ఈ రెండు విషయాలూ కష్టమైనవి కావు. రెండో అమలు ఒకటి ముందుకు వచ్చేదాకా అవి ప్రశ్నలుగా కనిపించవు, అంతే.

ఈ మాట ఫంక్షనల్ భాషల్లో మరింత నిజం. అక్కడ కంపైలర్ చేసే పని ఎక్కువ, రాసేవాడికి కనిపించేది తక్కువ. హాస్కెల్ కథే తీసుకోండి. 1987లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో జరిగిన ఒక సమావేశంలో పరిశోధకులు ఒక ఇబ్బందిని గుర్తించారు. ఒకే రకం ఆలోచనతో, అంటే అవసరం పడేదాకా లెక్క కట్టని పద్ధతితో, డజనుకు పైగా భాషలు వేటికవే పుట్టుకొచ్చాయి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఒక భాష ఉండాలని కమిటీ వేసుకున్నారు. తొలి నిర్వచన పత్రం 1990లో వచ్చింది, తర్వాత హాస్కెల్ 98, హాస్కెల్ 2010 వచ్చాయి. ఇక్కడ గమనించాల్సింది, ఆ భాష పుట్టుకలోనే ఒక నిర్వచనం, అనేక కంపైలర్లు అన్న ఏర్పాటు ఉంది. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయం నుంచి హెచ్‌బీసీ, గ్లాస్గో నుంచి జీహెచ్‌సీ, తక్కువ మెమరీ కోసం రూపొందిన ఎన్‌హెచ్‌సీ, విద్యార్థులకు ఇష్టమైన హగ్స్, ఇలా ఎన్నో ఉండేవి. కాలక్రమంలో మిగతావి వెనకబడ్డాయి. హగ్స్ చివరి విడుదల 2006లో జరిగింది. ఇవాళ హాస్కెల్ అంటే ఆచరణలో జీహెచ్‌సీయే.

ఒక్కటే మిగలడం వల్ల లాభాలు ఉన్నాయి. జీహెచ్‌సీ అద్భుతమైన కంపైలర్, దాని వెనక మూడు దశాబ్దాల పరిశోధన ఉంది. కానీ నిర్వచనానికీ అమలుకీ మధ్య గీత చెరిగిపోయింది. జీహెచ్‌సీలో వందకు పైగా భాషా ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. 2021లో వచ్చిన 9.2 వెర్షన్ నుంచి, ఏ భాషా వెర్షన్ కావాలో చెప్పకుండా నేరుగా కంపైలర్‌ను పిలిస్తే అది హాస్కెల్ 2010ను కాకుండా, ఎన్నో ఎక్స్‌టెన్షన్లు ముందే కలిసి ఉన్న జీహెచ్‌సీ2021 అనే మూటను తీసుకుంటుంది. అంటే కొత్తగా నేర్చుకునేవారు తొలిరోజు రాసే పది లైన్లు ఏ నిర్వచనం కిందికి వస్తాయో వారికే తెలియకపోవచ్చు. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు, భాష పేరు చెప్పి మనం ఒక కంపైలర్ అలవాట్లను ఒకరికొకరం అప్పజెప్పుకుంటున్నాం.

ఒక చిన్న కంపైలర్ లోపల ఏముంది?

ఇక్కడే మైక్రోహెచ్‌ఎస్ పనికొస్తుంది. దీన్ని రాసింది లెనార్ట్ ఆగస్ట్‌సన్. పైన చెప్పిన హెచ్‌బీసీ, తొలి హాస్కెల్ కంపైలర్లలో ఒకటి, ఆయనదే. మూడు దశాబ్దాల తర్వాత అదే మనిషి మళ్లీ కూర్చుని, ఈసారి చిన్నగా ఉండటమే లక్ష్యంగా ఇంకో కంపైలర్ రాశారు. 2024లో మిలాన్‌లో జరిగిన హాస్కెల్ సింపోజియంలో దాన్ని వివరించారు. కంపైలర్ హాస్కెల్‌లో ఉంటుంది, ప్రోగ్రాంను నడిపించే రన్‌టైమ్ సి భాషలో ఉంటుంది. మీ దగ్గర సి కంపైలర్, మేక్ ఉంటే చాలు, మొత్తం తయారవుతుంది. ముందుగా వేరే హాస్కెల్ కంపైలర్ అక్కర్లేదు. జీహెచ్‌సీని మూలం నుంచి తయారు చేయాలంటే మాత్రం అంతకుముందు వెర్షన్ జీహెచ్‌సీ కావాలి. పెరుగు తోడు పెట్టడానికి నిన్నటి పెరుగు కావాలన్నట్టు. మైక్రోహెచ్‌ఎస్ ఈ చిక్కును ఇంకోలా దాటుతుంది. కంపైలర్‌ను ముందే సి రూపంలోకి మార్చిన ఫైలును మూలంతోపాటే ఇస్తుంది. ఆ ఫైలు మనిషి చేతిరాత కాదు, యంత్రం తయారు చేసింది. కాబట్టి తోడు సమస్య పూర్తిగా పోయిందనలేం. కానీ కంపైలర్ ఆకాశం నుంచి ఊడిపడలేదని, అది కూడా ఒక ప్రోగ్రామేనని చూపడానికి ఆ ఒక్క మేక్ ఆదేశం చాలు.

దాని లోపలి పద్ధతి తెలుసుకోవడం ఒక సాయంత్రం పని. గణిత తర్కంలో 1924లో మోజెస్ షోన్‌ఫింకెల్ ఒక వింత విషయం ప్రచురించారు. చలరాశుల పేర్లే లేకుండా, కొద్దిపాటి స్థిరమైన ఫంక్షన్లను కలుపుతూ పోతే ఏ ఫంక్షన్‌నైనా రాయవచ్చని. వాటిని కాంబినేటర్లు అంటారు. ఆ శాస్త్రాన్ని జీవితమంతా పెంచి పోషించిన హాస్కెల్ కర్రీ పేరే ఈ భాషకు పెట్టారు. 1979లో డేవిడ్ టర్నర్ ఈ సిద్ధాంతాన్ని పనిముట్టుగా మార్చారు. ఫంక్షనల్ ప్రోగ్రాంను కాంబినేటర్లుగా మార్చి, వాటిని చిన్న యంత్రం ఒకటి సరళీకరిస్తూ పోతే చాలని చూపించారు. మైక్రోహెచ్‌ఎస్ నడిచేది ఆ దారిలోనే. మూడు కాంబినేటర్లు తెలిస్తే సంగతి అర్థమవుతుంది. ఐ తనకు ఇచ్చినదాన్నే తిరిగి ఇస్తుంది. కె రెండు తీసుకుని మొదటిది ఉంచి, రెండోది వదిలేస్తుంది. ఎస్ మూడు తీసుకుని, మూడోదాన్ని మొదటి రెండింటికీ విడివిడిగా అందించి, మొదటిదాని ఫలితాన్ని రెండోదాని ఫలితానికి వర్తింపజేస్తుంది. ఇప్పుడు రెట్టింపు అనే ఫంక్షన్ ఎక్స్ తీసుకుని ఎక్స్ ప్లస్ ఎక్స్ ఇస్తుందనుకోండి. కాంబినేటర్లలో అది ఎస్, ప్లస్, ఐ, అంతే. దానికి 5 ఇస్తే, ఎస్ ఆ 5ను ప్లస్‌కీ ఐకీ పంచుతుంది. ఐ నుంచి 5 తిరిగి వస్తుంది. 5 ప్లస్ 5, పది. ఎక్స్ అన్న పేరు ఎక్కడా లేదు.

ఈ చిన్న లెక్క కాగితం మీద చేసినవారికి రెండు సంగతులు చెప్పకుండానే తెలిసొస్తాయి. కెకు రెండోదిగా అంతులేని లెక్కను ఇచ్చినా అది దాన్ని ముట్టుకోదు. అవసరం లేనిది లెక్క కట్టకపోవడం అంటే ఇదే. ఇక ఎస్ మూడోదాన్ని రెండు చోట్లకు పంపేటప్పుడు విలువను నకలు తీయదు, రెండు చోట్ల నుంచీ ఒకే పెట్టెను చూపిస్తుంది. అందుకే 5 బదులు గంటసేపు పట్టే లెక్క ఇచ్చినా అది ఒక్కసారే జరుగుతుంది. ఇక్కడే ఒక పాఠ్యపుస్తక వాక్యం బోల్తా పడుతుంది. హాస్కెల్ లేజీ భాష అని మనం అలవాటుగా అంటాం. నిర్వచన పత్రం ఆ మాట ఇవ్వదు. ఫంక్షన్ తనకు అక్కర్లేని ఆర్గ్యుమెంట్ వల్ల చెడిపోకూడదని మాత్రమే, అంటే నాన్-స్ట్రిక్ట్ అర్థాన్ని మాత్రమే, అది కోరుతుంది. కె చేసేది భాష హామీ. ఒకసారి కట్టిన లెక్కను దాచుకుని పంచుకోవడం దాన్ని అమలు చేసే మంచి పద్ధతి. ఈ రెండూ వేర్వేరని ఎస్, కెలను చేత్తో నడిపినవారికి మర్చిపోవడం కష్టం.

మెమరీ విషయంలో ఈ తేడా ఖరీదైనది. పది లక్షల అంకెల జాబితాను కూడటానికి, ఇప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని చేతిలో పట్టుకుని ముందుకు నడిచే చిన్న ఫంక్షన్ రాశారనుకోండి. ఆ మొత్తాన్ని వెంటనే కూడమని మీరెక్కడా చెప్పలేదు కాబట్టి, భాష ప్రకారం ప్రతి అడుగులోనూ తర్వాత కూడుదాం అన్న చీటీ ఒకటి పేరుకుపోవచ్చు. జీహెచ్‌సీలో ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే, ఈ మొత్తం ఎలాగూ కావాల్సిందేనని కంపైలర్ తనే పసిగట్టి మామూలు అంకెల విషయంలో చీటీల్లేకుండా కూడేస్తుంది. అంతటి విశ్లేషణ లేని చిన్న కంపైలర్‌లో ఆ చీటీల కుప్ప కళ్లెదుట పెరుగుతుంది. మందు రెండు చోట్లా ఒకటే, సెక్ అనే ఫంక్షన్‌తో ఇప్పుడే కూడు అని స్పష్టంగా చెప్పడం. హాస్కెల్ 98 నుంచీ అది భాషలోనే ఉంది. పెద్ద కంపైలర్ మీ బదులు ఆలోచించినంతకాలం ఆ మాట చెప్పాల్సిన అవసరం ఉందనే తెలియదు. ఆప్టిమైజర్ ఏదో కారణాన ఆ మేలు చేయలేకపోయిన రోజున, అసలు పనిలో, ప్రోగ్రాం మెమరీ మింగేస్తూ కుప్పకూలినప్పుడు తెలుస్తుంది.

కాదనేవారి మాటలు

ఇదంతా ఒప్పుకున్నా కొన్ని అభ్యంతరాలు మిగులుతాయి. మొదటిది వేగం. కాంబినేటర్ల గ్రాఫును అడుగడుగునా సరళీకరిస్తూ పోయే పద్ధతి, యంత్ర భాషలోకి నేరుగా మార్చే జీహెచ్‌సీకి సాటి రాదు. లైబ్రరీల విషయంలోనూ అంతే. సాదా హాస్కెల్‌లో రాసినవి నడిచే అవకాశం ఎక్కువ, టెంప్లేట్ హాస్కెల్ అనే ఎక్స్‌టెన్షన్ మీదా జీహెచ్‌సీ లోపలి మాడ్యూళ్ల మీదా ఆధారపడినవి నడవవు. కాబట్టి భారీ సర్వర్ ప్రోగ్రాంకు దీన్ని వాడమని ఎవరూ చెప్పకూడదు. చిన్న పరికరాల మీద నడిచే పనులు, ఎక్కడికైనా సి ఫైలుగా పంపదగ్గ ప్రోగ్రాములు, చదువు, పరీక్ష, ఇవీ దీని చోట్లు. నిజానికి ఈ పరిమితులే మన వాదానికి బలం. ఏ లైబ్రరీ ఎందుకు నడవలేదో వెతికితే, అది భాషలో ఏ భాగం దాటి బయటికి వెళ్లిందో తెలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఎక్స్‌టెన్షన్లు ఆపి, హాస్కెల్ 2010 మాత్రమే అని జీహెచ్‌సీకే చెప్పి, ఆప్టిమైజేషన్ తీసేస్తే సరిపోదా, రెండో కంపైలర్ ఎందుకు? చాలావరకు సరిపోతుంది. ఈ అధ్యాయం నుంచి ఒక్క పనే చేయగలిగితే అదే చేయండి, అందుకు కొత్తగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. కానీ ఆ పద్ధతిలో ఒక లోటుంది. ఏవి ఆపాలో తెలిసినవాళ్లే ఆపగలరు. తనకు తెలియని అలవాటును మనిషి స్విచ్ వెతికి ఆపలేడు. పైగా లైబ్రరీలు, రన్‌టైమ్, ఎర్రర్ సందేశాల తీరు అన్నీ ఆ ఇంటివే. వేరొకరు వేరే పద్ధతిలో రాసిన అమలు, మీరు అడగని ప్రశ్నలు కూడా అడుగుతుంది.

మూడోది బతుకుతెరువు ప్రశ్న, మన దగ్గర ఇంజనీరింగ్ చదివేవారికి ఇది చిన్నది కాదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఎస్, కెల గురించి ఎవరూ అడగరు, హాస్కెల్ ఉద్యోగాలే కొద్ది. నిజమే. అయితే ఇక్కడ నేర్చుకునేది ఆ మూడు అక్షరాలు కాదు, ఇది ఎవరి హామీ అని అడిగే అలవాటు. పైథాన్ డిక్షనరీ ఉదాహరణ ముందు పెట్టింది అందుకే. డేటాబేస్ మార్చినప్పుడు ఆగిపోయే క్వెరీలు, బ్రౌజర్ మార్చినప్పుడు చెదిరిపోయే పేజీలు కూడా ఇదే తెగులుకు రూపాలు. భాష ఏదైనా ఈ ప్రశ్న మారదు. మీ రోజువారీ భాష పైథాన్ అయితే మైక్రోపైథాన్, సి అయితే ఫాబ్రిస్ బెల్లార్డ్ రాసిన టీసీసీ ఇదే పని చేస్తాయి.

నాలుగోది నమ్మకం గురించి. ప్రధానంగా ఒక్కరి కృషి మీద నిలిచే పనిముట్టు రేపు ఆగిపోతే? హగ్స్ ఆగిపోలేదా? ఆగిపోవచ్చు, చరిత్ర అదే చెబుతోంది. అందుకే జీవనాధారమైన ప్రాజెక్టును దాని మీద నిలపవద్దు. కానీ చేట పాతబడిందని చెరిగిన బియ్యం పాడవదు. రెండు కంపైలర్లకూ నచ్చేలా మీరు రాసిన ప్రోగ్రాం మూడోది వచ్చినా నడిచే అవకాశం ఎక్కువ. ఇక అయిదోది, కొత్తవారికి రెండు పనిముట్లు ఒకేసారి ఇస్తే అయోమయం కదా అన్నది. దీనికి ఎదురు చెప్పడానికి ఏమీ లేదు, అది నిజం. టైపు తప్పు వచ్చినప్పుడు లోపం తనదా, కంపైలర్‌దా అని తేల్చుకోలేని దశలో రెండో గొంతు మేలు చేయదు. చిన్న ప్రోగ్రాములు ఎవరి సాయం లేకుండా రాయడం వచ్చాకే ఈ అధ్యాయం మొదలవుతుంది.

ఎలా మొదలుపెట్టాలి?

ముందు మైక్రోహెచ్‌ఎస్ మూలాన్ని తెచ్చుకుని, లైనక్స్ లేదా మ్యాక్ మీద మేక్ ఇవ్వండి. ఎంహెచ్‌ఎస్ అనే ఆదేశం తయారవుతుంది. దానికి ఏ ఫైలూ ఇవ్వకుండా నడిపితే ఒక్కో ప్రశ్నకు అక్కడికక్కడే జవాబిచ్చే తెర వస్తుంది, ఒక రోజు దానితోనే ఆడండి. తర్వాత కొత్త ప్రోగ్రాం రాయకండి. మీరు ఇదివరకే రాసిన, జీహెచ్‌సీలో చక్కగా నడుస్తున్న యాభై, వంద లైన్ల పాత ఫైలు ఒకటి తీసుకోండి. పాతదే ఎందుకంటే, కొత్తగా రాసేటప్పుడు మనిషి జాగ్రత్తపడతాడు, అలవాట్లు దాక్కుంటాయి. పాత ఫైలులో అవి దాక్కోలేవు. ప్రతి పైస్థాయి ఫంక్షన్‌కూ టైపు స్పష్టంగా రాసి, అప్పుడు రెండో కంపైలర్‌కు ఇవ్వండి. టైపు రాసి ఉంటే ఏ కంపైలరూ మీ ఉద్దేశాన్ని ఊహించాల్సిన పని ఉండదు, వచ్చే తేడాలు అసలు తేడాలే అవుతాయి.

ఒక నోటుపుస్తకంలో పేజీ మధ్య నిలువు గీత గీసి, ఎడమవైపు భాష అని, కుడివైపు పనిముట్టు అని రాయండి. ఫైలు కంపైల్ కాకపోతే, నడిచి వేరే ఫలితం ఇస్తే, లేదా మెమరీ మింగితే, వెంటనే దిద్దకండి. ముందు హాస్కెల్ 2010 నిర్వచన పత్రంలో ఆ సంగతి వెతకండి. అది ఉచితంగా దొరుకుతుంది, ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి అంతా చదవాల్సిన పని లేదు. మీరు నమ్ముకున్నది అందులో ఉంటే ఎడమవైపు ఒక వాక్యం రాయండి. అప్పుడు లోపం చిన్న కంపైలర్‌ది కావచ్చు, అలాంటివీ ఉంటాయి. లేకపోతే కుడివైపు రాయండి. ఆ తర్వాతే దిద్దండి. వారానికి ఒక ఫైలు చాలు. నడుమ ఒక రోజు, మీ సొంత ఫంక్షన్లలో అతి చిన్నవి మూడు తీసుకుని ఎస్, కె, ఐలలోకి కాగితం మీద మార్చి, ఒక్కో విలువతో చేత్తో నడిపి చూడండి. ఫలితం ఫైలు పేరు చివర డాట్ కాంబ్ అని ఇస్తే, కంపైలర్ మీ ప్రోగ్రాంను ఏ కాంబినేటర్లుగా మార్చిందో టెక్స్ట్ రూపంలోనే చూడవచ్చు. దాన్ని పూర్తిగా అర్థం చేసుకోవాల్సిన పని లేదు, కాగితం మీద మీరు చేసిందే అక్కడా జరిగిందని పోల్చుకుంటే చాలు.

కొన్ని వారాలు గడిచాక రెండు వైపులా ఎన్ని వాక్యాలు చేరాయో లెక్కపెట్టకండి, ఎడమవైపు ఎక్కువుంటే గొప్ప, కుడివైపు ఎక్కువుంటే తక్కువ అనేమీ లేదు. పనిముట్టు అలవాట్లు తెలిసి ఉండటం మంచిదే. మూడు విజిల్స్ లెక్క తెలియని ఇంట్లో రోజూ వంట ఆలస్యమే. కుడివైపు వాక్యాలను మాత్రం ఒక్కొక్కటే నెమ్మదిగా చదవండి. వాటిలో చాలావరకు నిన్నటిదాకా మీరు ఎవరో జూనియర్‌కు హాస్కెల్ అంటే ఇంతే అని ధైర్యంగా చెప్పిన మాటలే అయి ఉంటాయి.